మంచు మీద రెండో ఐలీ

కిటికీ తెర పక్కకు లాగగానే ఐలీకి గడ్డకట్టిన సరస్సు మధ్యలో తనే నిలబడి కనిపించింది, అదీ కిందటేడు మంచు విరిగి తను మునిగిపోయిన చోటనే.

చేతిలోని కాఫీ ఒలికి పాదం మీద పడింది. కళ్ళజోడు వెతికి పెట్టుకుని మళ్ళీ చూసింది. అదే ఎర్ర కోటు, అదే ఊలు టోపీ, మెడలో తాడుకు వేలాడే రెండు మేకులు. అప్పుడర్థమైంది. అట్టబొమ్మ! మేనకోడలు జోడీ నడిపే చేపల ఎరల దుకాణం గుమ్మంలో, చలికాలం మొదలైనప్పటి నుంచీ నిలబెట్టి ఉంచిన తన నిలువెత్తు బొమ్మ.

ఆ బొమ్మను చేయించింది జిల్లా రక్షణ దళం. మునిగినప్పుడు మెడలోని మేకుల్ని మంచు అంచులో గుచ్చి, పాక్కుంటూ పైకొచ్చి బతికింది ఐలీ. అప్పటినుంచి బడుల్లో, చర్చిలో, ఆఖరికి బార్లలో కూడా ఆ కథే చెబుతోంది. మేకులు లేకుండా మంచెక్కకండి అని. రేపు సరస్సు మీద మంచుకు కన్నాలు చేసి చేపలు పట్టే పందెం. ఊరూరి నుంచీ వచ్చే జనం ముందు మాట్లాడాల్సిందీ ఆమే.

దుకాణానికి ఫోన్ చేసింది.

"జోడీ, నా బొమ్మేదే?"

"గుమ్మం దగ్గరే కదా అత్తా... అయ్యో, లేదే! నిన్న తాళం వేసేటప్పుడు ఉందే!"

"లేకేం! నడిసరస్సులో నిలబడి నవ్వులపాలవుతోంది. రేపు నేను మాట్లాడనని దళం వాళ్ళకి చెప్పెయ్."

"అదేంటత్తా!"

"అంతే. నేను చావు తప్పించుకున్న కథ వీళ్ళకి ఆటబొమ్మయింది."

"ఆగు, వస్తున్నా. ముందు వెళ్ళి చూద్దాం."

ఇద్దరూ గునపంతో ముందున్న మంచును పొడిచి చూసుకుంటూ నడిచారు. డెబ్బై దాటినా ఐలీ అడుగు తడబడలేదు. కోపం ఆమెకు కాళ్ళిచ్చింది.

తీరా దగ్గరికెళ్తే, బొమ్మ ఉన్నది తను మునిగిన చోట కాదు. దానికి ఇవతల, గట్టి మంచు మీద ఒడ్డువైపు ముఖం పెట్టి ఉంది. దాని వెనక కాస్త దూరంలో మంచు బూడిదరంగుకు తిరిగి నీళ్ళూరుతోంది. అక్కడ అడుగున ఊట ఉంది. అది పైనున్న మంచును ఎప్పుడు కొరుకుతుందో ఎవరికీ తెలియదు.

"అత్తా, ఇటు చూడు." జోడీ గొంతు తగ్గింది.

ఒక ట్రక్కు చక్రాల జాడ తిన్నగా బొమ్మ దాకా వచ్చింది. అక్కడ ఆగి గిరుక్కున వెనక్కి తిరిగింది.

బొమ్మకు తలనుంచి కాళ్ళదాకా ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది. వెక్కిరించేవాడికి ముఖం తడిసిపోతుందన్న బెంగ ఎందుకుంటుంది? ఐలీ వంగి బొమ్మ కాళ్ళ దగ్గర చూసింది. మంచులో కన్నం చేసి, కర్ర దింపి, నీళ్ళు పోసి గడ్డకట్టించారు. ఇప్పుడందరివీ మంచు తొలిచే మోటారు బర్మాలే. అవి బకెట్ పట్టేంత కన్నం చేస్తాయి. ఇంత ఇరుకు కన్నం చేసే చేతి బర్మా ఈ సరస్సు మొత్తానికి ఒక్కడి దగ్గరే ఉంది.

"వీడి దుంప తెగ!" అంది ఐలీ.

రేనో ఆమెకు స్వయానా మరిది, పోయిన భర్తకు తమ్ముడు. పక్కిల్లే. "నీ బొమ్మ వంక ఎవడు చూస్తాడు వదినా? పక్కనున్న వానపాముల ధర చూస్తారు గానీ" అని ఆట పట్టిస్తూనే ఉంటాడు. ఆమె వెళ్ళేసరికి ఆవిరిస్నానం చేసే సౌనా గది పొయ్యిలోకి కట్టెలు చీలుస్తున్నాడు.

"ఏం వదినా, పొద్దున్నే అంత ఎర్రగా ఉన్నావు? సౌనా ఇంకా వేడెక్కలేదే!"

"నేను వేడెక్కా. నా బొమ్మని ఎవరెత్తుకెళ్ళారు?"

"నీ అందం చూసి ఎవడో ముసలాడు లేపుకుపోయుంటాడు."

"ఆ ముసలాడి దగ్గర చేతి బర్మా ఉందిలే."

గొడ్డలి గాల్లోనే ఆగింది.

చక్రాల జాడ ఐలీ కళ్ళలో మెదులుతూనే ఉంది. కానీ ఏడాది పాటు పడ్డ ఎగతాళి అంత తేలిగ్గా దిగదు.

"నువ్వే గెలిచావు రేనో. తెచ్చి ఆ పొయ్యిలో పడెయ్. రేపే కాదు, ఇక ఎప్పుడూ చెప్పను. ఎవరికీ పట్టని కథ చెప్పి ఏం లాభం?"

రేనో గొడ్డలి పక్కన పెట్టి దుంగ మీద కూలబడ్డాడు.

"అంత మాటనకు వదినా. నేనే తీశా. జోడీ వెనకతలుపు గడియ సరిగ్గా పడదు. నిన్న ఊట దగ్గర ఎప్పట్లాగే క్రిస్మస్ చెట్టు పాతా, ఇటు రావద్దని గుర్తుగా. పందేనికి ముందే దిగిన పొరుగూరివాళ్ళు ఏం చేశారో తెలుసా? మనం చేపలు చేరడానికి చెట్లు ముంచుతాం చూడు, ఇదీ అలాంటి చోటేననుకుని బర్మాలు పట్టుకుని తిన్నగా అక్కడికే బయల్దేరారు! అరిచి అరిచి నా గొంతు పోయింది. చెట్టుకి నోరుందా? అందుకే చెట్టు పీకి నిన్ను పెట్టా. పొద్దున్నే ఓ ట్రక్కు నిన్ను చూసి ఆగి, వెనక్కొచ్చింది. 'ఆవిడ మునిగింది అక్కడేనా?' అని నన్నే అడిగారు, మొహాలు పాలిపోయి. నిన్నడిగి తీసుకోవచ్చు, కాదన్నానా? అడిగితే నీ కథ పనిచేస్తోందని ఒప్పుకోవాలిగా! ఇంకోటి కూడా చెప్పేస్తా. నేను ఎగతాళి చేసేది ఆ కథ వినలేకే. నీళ్ళలో పడ్డానని నువ్వనగానే నాకు ఊపిరాడదు, ఎదురుగా కూర్చుని చెప్తున్నావని తెలిసినా సరే. రేపు చెప్పు వదినా. నేనొస్తా. వెనకాల నిలబడి, ఈసారి చివరిదాకా నోరు మూసుకుని వింటా."