సముద్రపాయలో చిక్కిన తిమింగలాలు

మా మంచు దేశంలో చీకటి నెలలు గడిచి సూర్యుడు మళ్లీ కొండ మీద తల చూపిన వారమది. సీల్ జంతువుల కోసం మంచు కింద పన్నిన వలలు చూసుకోవడానికి కుక్కల బండి కట్టుకుని వెళ్లిన మా అక్క తుకుమ్మెక్ సగం దారిలోంచే తిరిగొచ్చింది. సముద్రపాయ బయటి నీళ్లలో కలిసే మొగ గడ్డకట్టేసిందట. కొమ్ము తిమింగలాలు లోపలే చిక్కుపడ్డాయట. ఊపిరి తీసుకోవడానికి వాటికి మిగిలింది మా ఇల్లంత మడుగు. ఒకదాని వీపు మీదికి ఒకటి ఎక్కుతున్నాయని చెప్పింది.

"బయటి నీళ్లు ఎంత దూరం?" అన్నాడు మా అన్న ఇనుతెక్.

"కనుచూపు మేరలో లేవు. అవి బయటపడవు. మడుగు మూసుకుపోతే చచ్చి అడుక్కి పోతాయి, అంతే."

అన్న ఈటె తాడు చుట్టుకుంటూ, "ఈ పూటకి మనూరివాళ్లమే వెళ్దాం. అవతలి ఊరికి రేపు చెప్పొచ్చులే" అన్నాడు.

చిక్కుపడ్డ తిమింగలాలు అన్ని ఊళ్లవీ అన్నది మా కట్టుబాటు. అది అన్నకీ తెలుసు. కాని అక్కను వదిలేసి పోయిన ఆమె మొగుడు ఖావిగాక్ ఉండేది ఆ ఊళ్లోనే.

"లాగడానికి మనవాళ్లు చాలరు. నువ్వు మొదలుపెట్టు, నేను వాళ్లని తీసుకొస్తా" అంది అక్క.

"వాడి మొహం చూడగలవా?"

"మొహంతో నాకేం పని? చేతులు కావాలి."

నేనూ ఆమె బండెక్కాను. ఖావిగాక్ గుమ్మం ముందు కుక్కల తెగిన పట్టీ కుట్టుకుంటున్నాడు. అక్కను చూసి లేచి నిలబడ్డాడు.

"దారి తప్పావా?"

"తప్పింది నువ్వు. పాయ చివర తిమింగలాలు చిక్కుకున్నాయి. తాళ్లు, కుక్కలు, మనుషులు, ఎంతుంటే అంత పట్టుకురా."

"నాకు చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు."

"మీ ఊళ్లో పిల్లలు తినొద్దా? కబుర్లు తర్వాత, పద."

మేం చేరేసరికి మావాళ్లు మొదటి తిమింగలాన్ని చంపి, పైకి లాగలేక తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖావిగాక్ అన్న వెనక తాడందుకున్నాడు. రెండూళ్లూ కలిసి లాగితే అది మంచు మీదికి జారొచ్చింది.

"ఈటె దిగి తాడు బిగిసేదాకా తుపాకీ ఎత్తొద్దు. మునిగిపోతే ఎవరికీ దక్కదు" అని అక్క గట్టిగా చెప్పింది. మగవాళ్లందరూ విన్నారు. ఒక్కటీ మునగలేదు.

ఆఖరిది పైకొచ్చేసరికి మడుగు మీద కొత్త మంచు పొర కడుతోంది. అన్న మేం ఇష్టంగా తినే పచ్చి తోలు ముక్క కోసి ముందు అక్కకిచ్చాడు. రెండో ముక్క కోసి ఖావిగాక్ వైపు చాపాడు.

"తిను బావా. లాగడమైతే మర్చిపోలేదు."

"మీ చెల్లెలు మర్చిపోనిస్తేగా" అన్నాడతను.

అక్క వాళ్లకేసి చూడకుండా కత్తి తుడుచుకుంది. "మీ ఊళ్లో ఇళ్లు చెప్పు, వాటాలు వెయ్యాలి. వేటకి పోలేని ముసలివాళ్లవి ముందు."

అతను ముసలివాళ్లుండే ఊరి చివరి ఇంటినుంచి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.