దేవసహాయం చిన్న ప్రార్థన

మట్టికుండ మూత తీసి దేవసహాయం లోపలికి చెయ్యి పెట్టాడు. రాత్రి మూతపెట్టి ఊపిరి ఆపేసిన బొగ్గులు నల్లగా, తేలిగ్గా, అడుగున ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి పొయ్యిలో పరిచాడు. పైన కొత్త బొగ్గు పేర్చాలి. అది జపాను పద్ధతిలో కాల్చిన గట్టి బొగ్గు. రెండు ముక్కలు తగిలిస్తే కంచంలా ఖంగుమంటుంది, ఒక పట్టాన అంటుకోదు. నిన్నటి బొగ్గు ముందు రాజుకుని దానికి వేడి అందించాలి. అందుకే ఆ రిసార్టు జపాను రెస్టారెంటులో అందరూ వచ్చి లైట్లు వేసుకునేలోపే ఆయన కుండ తెరుస్తాడు.

"మూత పెడితే నిప్పు సావది. పండుకుంటది" అంటుండేవాడు. ఈ మాట ఆయన పెళ్లైన కొత్తలోనే జ్ఞానమణికి చెప్పాడు. అప్పుడు పొయ్యి వేరు, బొగ్గు వేరు.

ఆమె ఆ బొగ్గు గది గుమ్మం పక్కనే బల్ల దగ్గర తువ్వాళ్లు చుడుతోంది. భోజనానికి వచ్చినవాళ్లు కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాలు ఇవ్వడం అక్కడి మర్యాద. చిన్న తువ్వాళ్లు తడిపి, పిండి, గట్టిగా చుట్టి ఆవిరిపెట్టెలో పేర్చడం జ్ఞానమణి పని. చేతులు చుడుతున్నాయి, కళ్లు మాత్రం భర్త మీదే ఉన్నాయి. బొగ్గుబస్తా ముందుకు లాగడానికి వంగినవాడు మధ్యలో ఆగాడు. ఎడమ భుజం నొక్కుకున్నాడు. మళ్లీ వంగకుండా పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

ఆమె చుట్టడం ఆపింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది.

నిన్న కూతురు అక్సా ఫోనులో ఒట్టు వేయించుకుంది. "అమ్మా, రేపొక్క రోజు నాన్నను పరేషాన్ చెయ్యకు. బీపీ, గుండె, మాత్రలు అని షురూ చెయ్యకు. జిందగీల మీరిద్దరు కుర్చీల కూసొని తినే హోటల్ అదొక్కటే. నెమ్మదిగ తిననియ్యి." జ్ఞానమణి సరేనంది. ఆవిడ భయాలు ఆ ఇంట్లో పాత గడియారం చప్పుడు లాంటివి, ఎవరూ పట్టించుకోరు. మనవడికి తుమ్మొస్తే న్యుమోనియా అనేది. అల్లుడు రోనాల్డ్ ఆలస్యమైతే రోడ్డు మీద పడ్డాడనేది. ఇప్పటిదాకా ఏదీ నిజం కాలేదు కనుక అందరూ నమ్మడం మానేశారు. తనను తానే నమ్మడం మానేయాలని ఆవిడ కూడా చాలా ప్రయత్నించింది.

పనిలో ఐదేళ్లు నిండినవాళ్లను ఒక పూట అతిథులుగా కూర్చోబెట్టి వడ్డించడం ఆ రెస్టారెంటు ఆనవాయితీ. ఇవాళ మొగుడూ పెళ్లాలిద్దరి వంతూ కలిసి వచ్చింది.

దేవసహాయం పొట్టి మనిషి. కనుబొమలు సగమే ఉంటాయి, కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుకా లేదు. ముప్పై ఏళ్లు రాంగోపాల్‌పేట్‌లో ఒక బేకరీ భట్టీ ముందు నిలబడ్డందుకు నిప్పు తీసుకున్న జీతం అది. తెల్లవారుతుండగా ఇంటికొచ్చేవాడు. చేతిరుమాల్లో చుట్టిన వేడి బన్ను తెచ్చేవాడు. అక్సా దాన్ని చెంపకు ఆనించుకుని, తర్వాత తినేది. బేకరీలో కరెంటు పొయ్యి వచ్చినప్పుడు యజమాని మంచివాడే, కౌంటరు దగ్గర కూర్చోమన్నాడు. నాలుగు రోజులు కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉంటే ఆ మనిషికి జ్వరం వచ్చినట్టుండేది. ఇంటికొచ్చి మంచం మీద కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద దాచుకునేవాడు. చర్చిలో ఎవరో చెబితే ఊరి బయట ఈ రిసార్టుకు వచ్చాడు. బొగ్గులు చూసి పసిబిడ్డను చూసినట్టు నవ్వాడు. ఆయన్ను ఒంటరిగా అంత దూరం పంపలేక ఆమె కూడా తువ్వాళ్ల పనికి కుదిరింది.

ఆమెకు విడిపోవడమంటే అంత భయం. దానికి పుట్టిన చోటు ఒకటుంది. ఎనిమిదేళ్లప్పుడు నర్సాపురం నుంచి తల్లితో రైల్లో వస్తుంటే, బెజవాడలో తల్లి చెంబు పట్టుకుని నీళ్లకు దిగింది. రైలు కదిలింది. కిటికీలోంచి తల్లి పరిగెత్తడం కనిపించింది, చెంబులో నీళ్లు ఒలకడం కనిపించింది, తర్వాత ప్లాట్‌ఫారం అయిపోయింది. తల్లి వెనక బండిలో వచ్చేసింది, ఏమీ కాలేదు. కానీ ఎవరైనా మధ్యలో లేచి "ఇప్పుడే వస్తా" అంటే జ్ఞానమణి పొట్టలో ఆ రైలు ఇప్పటికీ కదులుతుంది.

మధ్యాహ్నం బట్టలు మార్చుకున్నారు. ఆయన అక్సా పెళ్లికి కుట్టించుకున్న కోటు వేసుకున్నాడు. అది వదులైపోయింది. ఆమె ఆదివారం చీర కట్టుకుంది. మేనేజరు సుకన్య ఎదురొచ్చి చేతులు జోడించి, ఈ పూట వంటగది వైపు చూడొద్దని ఆయన్ను నవ్వుతూ హెచ్చరించింది.

హాలు మధ్యలో పొడవాటి ఇనుప పెనం ఉంది. దాని చుట్టూ మూడు వైపులా బల్ల, కుర్చీలు. నాలుగో వైపు వంటవాడు నిలబడి తినేవాళ్ల కళ్లముందే వండి, వేడివేడిగా వాళ్ల పళ్లేల్లోకి తోస్తాడు. ఇవాళ ఆ వైపు నిలబడింది హరికిషన్, పద్మారావు నగర్ కుర్రాడు, నోరు చేతులతో సమానంగా ఆడుతుంది. ఎవరో పట్టకారుతో వేడి తువ్వాలు తెచ్చి జ్ఞానమణి అరచేతిలో పెట్టారు. తను చుట్టిన చుట్టే. విప్పాలంటే మనసు రాలేదు. దేవసహాయం మాత్రం విప్పి ముఖమంతా తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, మళ్లీ నుదురు తుడుచుకున్నాడు. ఏసీ చల్లగా ఉంది. ఆయనకు చెమట పడుతోంది.

పుల్లల్లాంటి కర్రలతో తినడం చేతకాదని ఆమె సిగ్గుపడితే, హరికిషన్ రెండు జతలు తీసి పైచివర్లకు రబ్బరు బ్యాండు చుట్టి పట్టకారులా చేసి ఇచ్చాడు. దేవసహాయం దాంతో గాలిలో బొగ్గు పట్టుకున్నట్టు చేసి చూపించాడు. ముగ్గురూ నవ్వారు.

ఉల్లిపాయ చక్రాలు గోపురంలా పేర్చి హరికిషన్ నూనెసీసా అందుకున్నాడు. మంట లేపేముందు ఆగాడు.

"అంకుల్, మీ ప్రార్థన సంగతి స్టాఫ్ బస్సుల అందరికీ ఎరుకే. మీరు ఆమెన్ అనేసరికి రొయ్యలు మాడి బొగ్గయితయి. జెర షార్ట్‌ల కానియండి."

నిజమే, ఆయన భోజనప్రార్థన ఊరందరికీ ఎరుకే. అన్నం ముందు కళ్లు మూసుకుంటే అక్సా దగ్గర మొదలుపెట్టి, రోనాల్డు, మనవడు, బేకరీ యజమాని, ఆ యజమాని మోకాళ్ల నొప్పులు, స్టాఫ్ బస్సు డ్రైవరు, వర్షానికి తెగిన రోడ్డు, ఈ పూట అన్నం లేనివాళ్లు, ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడి చేతిలో పెట్టి చివరికి జ్ఞానమణి దగ్గరికి వచ్చేవాడు. పప్పు మీద మీగడ కట్టేది. చిన్నప్పుడు అక్సా ఒక కన్ను తెరిచి అప్పడం ముక్క విరుచుకునేది.

దేవసహాయం కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి.

"ప్రభువా, నీకు వందనాలు. ఆమెన్."

అంతే. హరికిషన్ పకపకా నవ్వి, "షుక్రియా అంకుల్" అని మంట లేపాడు. నిప్పు ఉల్లిగోపురం మీంచి మనిషెత్తు లేచింది. ఆ వెలుగులో ఆయన ముఖం బూడిదరంగులో కనిపించింది. ఏ ఒక్క పేరూ రాలేదు. అక్సా పేరు రాలేదు, తన పేరు రాలేదు. అంత పెద్ద జీవితంలో ఆయన అంత చిన్న ప్రార్థన చేయగా ఆమె వినలేదు. కుర్రాడి వేళాకోళానికి అలా చేశాడా, అంతకంటే ఎక్కువ పలకడానికి ఊపిరి అందక చేశాడా? అడుగుదామని చెయ్యి ఆయన వైపు కదిలింది. నెమ్మదిగా తిననియ్యి అన్న కూతురి మాట అడ్డొచ్చింది. ఆ చేతితోనే ఆమె గ్లాసు జరిపింది.

"ఇన్నేండ్లు మంటను ఎనక నుంచే చూసిన మణీ" అన్నాడాయన. "ముంగట నుంచి గిట్లుంటదని తెల్వది."

"బావుందా?" అంది ఆమె.

"మంచిగున్నది. వేడి తగులుతలేదు."

వెల్లుల్లి వేసి వేయించిన అన్నం వచ్చింది. రొయ్యలు వచ్చాయి. ఆయన ఒకటి తిన్నాడు, ఇంకొకటి ఆమె పళ్లెంలో పెట్టాడు. తెర అవతల బొగ్గుపొయ్యి మీద కాల్చిన కోడిమాంసం చువ్వలు రాగానే ఆయన ముఖం మారింది. ముక్క అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి రంగు రాలే. నిప్పు మీద బూడిద కూసున్నట్టుంది. పొయ్యికాడి నరసరాజుకు విసిరే టైము దొరకలేదేమో. జెర చూసొస్తా."

"ఇవాళ మీరు చూడొద్దన్నారుగా. కూర్చోండి."

"ఒక్క నిమిషం."

ఆమె వేళ్లు కోటు చెయ్యి అంచును పట్టుకున్నాయి. ఆయన వాటిని చూశాడు. ఆమె వేళ్లు వదిలాయి. కోటు తెర దాటి వెళ్లిపోయింది. పొట్టలో రైలు కదిలింది.

హరికిషన్ ఆయన వాటా రొయ్యలూ అన్నమూ పెనం అంచున, వేడి తక్కువున్న చోటికి జరిపి, పైన గుండ్రటి స్టీలు మూత బోర్లించాడు. వచ్చేదాకా చల్లారదని చెప్పాడు. ఆమె తల ఊపింది. కూరగాయలు వచ్చాయి. పుట్టగొడుగులు వచ్చాయి. రబ్బరు బ్యాండు కర్రలతో ఒక్కొక్క ముక్క పట్టి, నోట్లో పెట్టుకుని, రుచి తెలియకుండానే మింగింది. తెర కదిలినప్పుడల్లా తల తిప్పింది. వడ్డించేవాళ్లు వచ్చారు, వెళ్లారు. మరో జత చువ్వలు వచ్చాయి. ఈసారి ముక్కలు చక్కగా, ఎర్రగా కాలి ఉన్నాయి. వాటిని చూడగానే ప్రాణం కాస్త కుదుటపడింది. ఆయన చెయ్యి పడింది అనుకుంది. ఇప్పుడు వచ్చేస్తాడు.

రాలేదు. తెర లోపలికి వెళ్లినవాడు తువ్వాలు కూడా తీసుకెళ్లలేదు. అది ఆయన కుర్చీ ముందు విప్పినట్టే పడి ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

ఆమె లేచింది.

పొయ్యి దగ్గర నరసరాజు ఒక్కడే ఉన్నాడు. నిప్పులు దానిమ్మగింజల్లా ఉన్నాయి. పెద్దాయన వచ్చి విసిరి, "ఇగ చూడు రంగు" అని, చేతులు కడుక్కుంటానని వెనక్కి వెళ్లాడన్నాడు. ఆమె బొగ్గు గదిలోకి వెళ్లింది.

దేవసహాయం చెక్కపెట్టె మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోటు మీద బూడిద పడకుండా విప్పి మడిచి పక్కన పెట్టుకున్నాడు. ఒళ్లో మట్టికుండ మూత, దాని మీద రెండు చేతులు. కునుకు తీస్తున్నవాడిలా తల ఒక పక్కకు వాలి ఉంది. ఆమె పిలవలేదు. భుజం పట్టుకోలేదు. ఇన్నేళ్లు వెయ్యిసార్లు మనసులో ముందే చూసి ఉంచుకున్న దృశ్యం కనుక గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

తర్వాత అందరూ వచ్చారు. సుకన్య ఫోను చేసింది. నరసరాజు ఆయన్ను నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కాడు, అలసిపోయేదాకా నొక్కాడు. అంబులెన్సులో వచ్చినవాళ్లు చూసి తలలు దించుకున్నారు. హరికిషన్ గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు.

"నేనే అన్న ఆంటీ, షార్ట్‌ల చెయ్యమని. నేనట్ల అనకుండుంటే..."

"నీ మాటకు కాదు బాబూ. ఆయన దగ్గర అంతే మిగిలింది" అంది జ్ఞానమణి. అది నిజమో కాదో ఆమెకు తెలియదు. కుర్రాడు ఆ మాట మోసుకుని బతకకూడదని అంది. తన వేళ్లు వదిలిన కోటు సంగతి ఎవరికీ చెప్పలేదు.

స్ట్రెచరు మీదికి ఎత్తబోతుంటే, ఒక్క క్షణం ఆగమంది. నేల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఆయన ఎక్కడ ఆపాడో అక్కడ అందుకుంది. అక్సా, రోనాల్డు, మనవడు, బేకరీ యజమాని, ఆ యజమాని మోకాళ్లు, బస్సు డ్రైవరు, తెగిన రోడ్డు, ఈ పూట అన్నం లేనివాళ్లు. నరసరాజునూ హరికిషన్‌నూ కలిపింది. చాలాసేపు పట్టింది. అంబులెన్సువాళ్లు కూడా తొందరపెట్టలేదు. చివర తన పేరు రావలసిన చోట ఆయన పేరు పెట్టి ఆమెన్ అంది.

హాలు గుండా తీసుకెళ్లారు. ఆమె కోటు చేతిలో పట్టుకుని వెనకే నడిచింది. పెనం దగ్గర ఆగి, స్టవ్ ఆర్పెయ్యమని హరికిషన్‌తో మెల్లగా చెప్పింది. అతను ఆర్పాడు. ఇనుము అంత త్వరగా చల్లారదు. రబ్బరు బ్యాండు చుట్టిన కర్రలు పక్కపక్కనే ఉన్నాయి. పెనం అంచున స్టీలు మూత బోర్లించినట్టే ఉంది, దాని కింద ఆయన వాటా ఇంకా వెచ్చగానే ఉంది.