దూది మీద ఎరుపు

బస్సు పూర్తిగా ఆగకముందే ఆమె ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో టిఫిను సంచి గుండెకి హత్తుకుని ఎక్కేసింది. డ్రైవరు వెనక మూడో వరుసలో, కుడిపక్క కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఆమెని చూసి లేచాడు. ఆయన ఆమె భర్త. గోదాము దగ్గర రాత్రి కాపలా ముగించుకుని ఆ బస్సులోనే ఇంటికొస్తాడు. ఆయన దిగే చోటే ఆమె ఎక్కుతుంది. ఆమె పక్కకి వచ్చి నిలబడేదాకా ఆయన సీటు వదలడు.

"కూర వేడి చేసుకుని తినండి. అలాగే తినేసి పడుకోకండి."

"సరేలే. గొడుగు తెచ్చుకోలేదేం?"

"వాన రాదులెండి."

అంతే. ఆయన దిగిపోయాడు. బస్సు కదిలింది. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ కాపురంలో సగం ఈ బస్టాపులోనే గడిచింది. ఆమె కిటికీ పక్కకి జరిగి కూర్చుంది. సీటు ఇంకా వెచ్చగా ఉంది. రెండు స్టాపులు దాటేవరకూ ఆ వెచ్చదనం ఉంటుంది. తర్వాత సీటు మామూలు సీటైపోతుంది.

గడియారాల షాపు మలుపులో బస్సు బాగా నెమ్మదిస్తుంది. అక్కడ ఒక ఎత్తరుగుల ఇంట్లో వంటింటి కిటికీ సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తున ఉంటుంది. లోపల ఓ పెద్దాయన స్టవ్ ముందు నిలబడి పాలకి కాపలా కాస్తుంటాడు. ఇన్నేళ్ళలో ఆ పాలు పొంగడం ఆమె ఒక్కసారీ చూడలేదు. పొంగితే చూడాలని లేదుగానీ, పొంగలేదని తెలుసుకోవడం ఆమెకి ఇష్టం.

జనం పెరిగాక ఆమె చేతుల్ని చూడడం మొదలుపెడుతుంది. మొహాలు చూస్తే మనుషులు చిరాకుపడతారు, చేతులు చూస్తే ఎవరికీ తెలియదు. కమ్మీ మీద వరసగా గోళ్ళు. ఉల్లిపొర రంగు, ఇటుక రంగు, నేరేడు రంగు, ఏ రంగూ వేసుకోనట్టే ఉండే ముత్యపు తెలుపు. కొత్తగా వచ్చే మెరుపులూ చుక్కలూ నీలాలూ ఆమెకి ఆనవు. వచ్చినంత వేగంగానే పోతాయవి. ఈ నాలుగూ మాత్రం పోవు. వీటికి పైన ఒక ఎరుపుంది. నారింజలోకి జారని, నలుపులోకి దిగని నిఖార్సయిన ఎరుపు. ఆ గోళ్ళు కనబడ్డ రోజున ప్రయాణం బాగా జరిగినట్టు అనిపిస్తుందామెకి.

ఆమె గోళ్ళకి ఏ రంగూ లేదు. పెళ్ళినాడు వదిన ఒకసారి వేసింది. నాలుగో రోజుకి అంట్లపనిలో పెచ్చులూడిపోయింది. మళ్ళీ ఎవరూ వెయ్యలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడైతే అవి సున్నం కొట్టినట్టు తెల్లబారి, అంచులు పొరలు పొరలుగా లేచి ఉంటాయి. అది ఆమె చేసే పని వల్ల.

కాగితాల్లో ఆమె ఆసుపత్రిలో ఆయా. దుప్పట్లు మార్చడం, చక్రాల మంచాలు తొయ్యడం, ఎవరికి ఏది కావలిస్తే అది అందించడం. కానీ రెండో అంతస్తులో, ఆపరేషను గదికి ముందుండే మూడు మంచాల గదిలో ఒక పని ఆమెకే వచ్చి పడింది. గోళ్ళరంగు తుడవడం. మత్తులో ఉన్న మనిషి వేలికి క్లిప్పు తగిలిస్తారు, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అది చెబుతుంది. రంగుంటే సరిగ్గా చెప్పదు. పైగా మత్తు డాక్టరు గోటి అసలు రంగు చూస్తూండాలి. అది నీలానికి తిరిగితే ప్రమాదం. రంగు వేసుకుని వచ్చేవాళ్ళు రోజుకి నలుగురైదుగురు ఉంటారు. ఇరవయ్యారేళ్ళుగా ఆమె స్టూలు మీద కూర్చుని, ట్రేలో దూదీ రిమూవరు సీసా పెట్టుకుని, ఒక్కో వేలూ పట్టుకుని తుడుస్తూనే ఉంది. నర్సులు ఆమెకి దూదక్క అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

చెయ్యి పట్టుకుంటే మనుషులు మాట్లాడతారు. కత్తి కిందికి వెళ్ళేముందు మరీ మాట్లాడతారు. ఏం చెప్పాలో తెలియనప్పుడు దూదక్క అందరితోనూ ఒకే మాట అంటుంది: "తిరిగొచ్చాక నేనే మళ్ళీ వేస్తానండీ, ఇంతకంటే బాగా." వాళ్ళు నవ్వుతారు. ఎవరూ తిరిగొచ్చి అడగలేదు. వార్డుకి వెళ్తారు, అటునుంచి ఇంటికి వెళ్తారు. ఆమె ఇంతవరకూ ఎవరి గోటికీ రంగు వెయ్యలేదు.

ఆ ఉదయం మూడో మంచం మీద ఉన్నావిడకి అరవయ్యెనిమిదేళ్ళు. పొట్టి మనిషి. గుండె ఆపరేషను. పది గోళ్ళకీ ఆ ఎరుపే. చేతులు దుప్పటి మీద పరిచిపెట్టుకుని, ఏదో కౌంటరు దగ్గర కూర్చున్నంత హాయిగా ఉంది.

"ఇవి కూడా తీసేస్తావా తల్లీ?"

"తియ్యాలమ్మా. డాక్టరుగారు గోరు రంగు చూడాలి."

"నా గోరు రంగు నేనే చూసి నలభయ్యేళ్ళయింది. ఆయనకేం తెలుస్తుంది పాపం."

దూదక్క నవ్వి కుడిచెయ్యి అందుకుంది. ఆవిడ సిటీ బస్సులో కండక్టరుగా ముప్పై ఒక్క ఏళ్ళు చేసిందట. గుండె సంగతి రెండేళ్ళ నుంచీ తెలుసట. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చానని మా ఆయన ఒకటే సణుగుడు," అంది. ఆ ఆయన కింద ఉన్నాడు, అదే బస్సుకి డ్రైవరుగా చేసినవాడు.

"నువ్వు ఏ బస్సులో వస్తావు?"

"పదిహేడులోనమ్మా."

"మా బండే అది. ఇక్కడ దిగిపోతావు, ఏం లాభం. తపాలా ఆఫీసు దాటాక ఎడం పక్క కూర్చోవాలి. రెండు గోడల మధ్య సందులోంచి ఏరు కనబడుతుంది. ఒక్క క్షణమే. టిక్కెట్టు చింపుతూ తలెత్తామా చూశాం, లేకపోతే మళ్ళీ ట్రిప్పుకే. ఎప్పుడన్నా ముందుకెళ్ళి చూడు."

"చూస్తానమ్మా. ఎప్పుడూ ఈ ఎరుపేనా మీకు?"

"ఎప్పుడూ ఇదే. అదో కథలే, తిరిగొచ్చాక చెప్తా."

తొమ్మిది వేళ్ళు అయ్యాయి. ఎడమచేతి చిటికెనవేలు మిగిలింది. కండక్టరమ్మ దాన్ని మడిచి అరచేతిలో దాచుకుంది. గొంతు తగ్గించి, "ఈ ఒక్కటీ ఉంచెయ్యి. ఎవరికీ కనబడదు," అంది. మొదటిసారి ఆ గొంతులో భయం వినబడింది.

దూదక్క తలుపు వైపు చూసింది. ఇరవయ్యారేళ్ళలో ఆమె ఒక్క గోరూ వదల్లేదు. "రూలమ్మా," అంది. "తిరిగొచ్చాక నేనే వేస్తాను. ఇంతకంటే బాగా."

కండక్టరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, వేలు తెరిచింది.

మధ్యాహ్నం రెండు దాటాక హెడ్ సిస్టర్ బయటికొచ్చింది. నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకుంది. "దూదక్కా, ఆ పెద్దావిడ సంచి ఐసీయూకి పంపొద్దు. కిందకి తీసుకెళ్ళు."

కింద అంటే ఏమిటో ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

సంచిలో ఒక చీర, దువ్వెన, కళ్ళజోడు ఉన్నాయి. కింద శవాలుంచే చల్లటి గది బయట బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, స్టీరింగు పట్టుకున్నట్టే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఎడంగా పెట్టుకున్నాడు. సంచి అందుకుని పక్కన పెట్టుకున్నాడు. దూదక్క వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"లోపల ఉన్నది మా ఆవిడేనా అని రెండుసార్లు చూశానమ్మా," అన్నాడాయన, ఆమెతో అన్నట్టు కాకుండా. "మొహం ఆవిడదే. చేతులే ఎవరివో."

"నేనే తుడిచానండీ." అంది దూదక్క. "ఒక్కటి ఉంచమని అడిగారు. ఉంచలేదు."

డ్రైవరు తలూపాడు. కోపం లేదు. ఆ ఎరుపు సంగతి చెప్పాడు.

"మొదట్లో మా బండికి గంట పనిచేసేది కాదు. జనం కిక్కిరిసి ఉండేవాళ్ళు, ఆవిడ ఇంతే మనిషి. అద్దంలో చూస్తే అన్నీ చేతులే. పోనిమ్మని ఏ చెయ్యి చెప్తోందో తెలిసేది కాదు. ఏదన్నా ఎర్రగా వేసుకోవే అన్నా. మొదటి సీసా నేనే కొనిచ్చా. ఎర్రగోళ్ళు పైకి లేస్తే పోనిచ్చేవాణ్ణి, పిడికిలి మూస్తే ఆపేవాణ్ణి. ఆర్నెల్లకి గంట బాగుచేశారు. మేం దాని జోలికి పోలేదు."

వ్యాను ఎప్పుడొస్తుందని దూదక్క అడిగింది. ఐదింటికి తమ్ముడు తీసుకొస్తాడన్నాడు. గోడ గడియారంలో మూడుంబావు.

"నేను రంగు వెయ్యొచ్చా అండీ, ఆవిడకి? వేస్తానని మాటిచ్చాను."

ఆయన చాలాసేపు ఆమె తెల్లబారిన గోళ్ళకేసి చూశాడు. "వెయ్యమ్మా," అన్నాడు.

హెడ్ సిస్టర్‌ని ఒక గంట పర్మిషన్ అడిగింది. ఇరవయ్యారేళ్ళలో అడగడం అదే మొదలు కాబట్టి ఆవిడ ఎందుకనైనా అడగకుండా సరేనంది. ట్రే కింది డబ్బాలోంచి ఉదయం కండక్టరమ్మకి వాడిన దూది ఉండ ఒకటి ఏరి, కాగితంలో చుట్టుకుని దూదక్క పదిహేడో నంబరు ఎక్కింది. ఎడం పక్క కూర్చుంది. తన స్టాపు దాటి ముందుకెళ్ళడం, అదీ పట్టపగలు, పరాయి ఊరికి వచ్చినట్టుంది. తపాలా ఆఫీసు దాటింది. రెండు గోడలు దగ్గరికొచ్చాయి. మధ్యలో తళుక్కుమని నీళ్ళు, ఒక పడవ కొస, వెంటనే మళ్ళీ గోడ. ఆమె అసంకల్పితంగా పక్కకి తిరిగింది. పక్క సీటులో ఒకాయన నిద్రపోతున్నాడు.

బజారులో ఫ్యాన్సీ షాపు నడిపే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పాత రంగుల అర చూపించింది. "ఇవి ఎక్కువమంది అడగరు. అలాగని ఆగిపోనూ పోవు. ఏది కావాలి?"

ఎర్ర సీసాలే ఏడున్నాయి. దూదక్కకి ఏదీ తెలియలేదు. సీసాలో ఒక రంగుంటుంది, గోటి మీద ఇంకో రంగుంటుంది. ఆమెకి బాగా తెలిసిన రంగు మూడోది, దూది మీద మిగిలేది. కాగితం విప్పి గాజు బల్ల మీద పెట్టింది.

"కాస్త వేసి చూపిస్తారా? వేశాక తుడిచి చూడాలి."

"కొనడానికొచ్చారా, తుడవడానికొచ్చారా?" అందావిడ. కానీ దూదక్క మొహం చూసి మరేం అనలేదు. తన ఎడమచేతి వేలికే ఒక్కో ఎరుపూ వేసింది, దూదక్క తుడిచింది. మొదటిది దూది మీద నారింజ రంగుకి తిరిగింది. రెండోది ఊదా చూపించింది. ఐదోది తుడిచి ఉదయపు దూది పక్కన పెట్టినప్పుడు, ఏది ఏదో ఇద్దరికీ తెలియలేదు.

నాలుగుంబావుకి ఆమె చల్లటి గదిలో స్టూలు లాక్కుని కూర్చుంది. డ్రైవరు తలవైపు నిలబడ్డాడు. కండక్టరమ్మ చెయ్యి బరువుగా ఉంది. పొద్దున తుడిచినప్పుడు ఆ గోళ్ళు లేత గులాబీగా ఉన్నాయి. ఏ రంగు వస్తుందేమోనని డాక్టర్లు కాపలా కాస్తారో ఆ రంగు ఇప్పుడు పదింటి మీదా ఉంది. పొద్దున కండక్టరమ్మ మడిచి దాచుకున్న ఆ చిటికెనవేలితోనే దూదక్క మొదలుపెట్టింది.

రంగు గోరు దాటి చర్మం మీదికి పాకింది. ఆమె వేళ్ళకి తుడవడం తప్ప వెయ్యడం రాదు. అందుకని వంకర పోయిన చోటల్లా దూది కొసని సన్నగా పురిపెట్టి, రిమూవరులో ముంచి, అంచు వెంట లాగింది. ఆ పని మాత్రం ఆమె కంటే బాగా ఎవరూ చెయ్యలేరు. ఒక్కో గోరూ గీత గీసినట్టు తేలింది. వేలు వేలికీ నీలం కనుమరుగైంది.

"ఏరు కనబడిందమ్మా," అంది ఎనిమిదో గోటి దగ్గర, మెల్లిగా. డ్రైవరు విన్నాడో లేదో తెలియదు.

పదోది పూర్తయ్యాక బ్రష్షు సీసాలో పెట్టి, ఆమె లేచి పక్కకి జరిగింది. ఆయన వంగి చూశాడు. అద్దంలో చూడడానికి అలవాటుపడ్డ మనిషిలా తల ఒక పక్కకి వంచి చూశాడు. బయట వ్యాను హారను మోగింది. తమ్ముడు తలుపు దగ్గరికొచ్చి, బయల్దేరదామా అన్నయ్యా అన్నాడు.

"ఆరనీరా," అన్నాడు డ్రైవరు. "ఆరేదాకా ఉందాం."

ముగ్గురూ నిలబడ్డారు. కొంతసేపటికి దూదక్క తన వేలి కొసతో ఒక గోటిని తాకి చూసి తలూపింది. అప్పుడు తీసుకెళ్ళారు. వ్యాను ఎక్కేముందు ఆయన వెనక్కి తిరిగి చెయ్యి పైకెత్తాడు.

ఆరింటికి ఆమె డ్యూటీ దిగింది. చల్లటి గదిలో నేల కడిగేశారు, లైటు తీసేశారు. కిటికీ గట్టు మీద ఆ చిన్న సీసా ఉండిపోయింది, పది గోళ్ళంత తగ్గి, మెడ దగ్గర గాజు లోపలివైపు ఒక ఎర్రటి చార ఇంకా నెమ్మదిగా కిందికి జారుతూ.