ఒక్క రెమ్మ దూరం

ముత్తక్కకు యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఏళ్లు అడవి అంచున ఉన్న హాస్టల్లోనే గడిచాయి. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించి, గంట కొట్టేలోపు ఎనభై మంది పిల్లలకు ఉప్మా వండి దించేది. పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఎందుకో వార్డెన్ వెంకటరామారావుకు ఆమె వయసు మీద బెంగ పట్టుకుంది.

“పెద్దదానివైపోయావు ముత్తక్కా. జనవరి నుంచి వేరే మనిషిని పెడతాం. ఆర్డరు రాస్తున్నాను,” అన్నాడు.

ఆ పిల్లలు, ఆ పొయ్యి లేకుండా ఎట్లా బతకాలో ముత్తక్కకు తోచలేదు. అదే రోజు డ్రిల్లు మాస్టారు మోతీలాల్ గోడకు నోటీసు అంటించాడు. డిసెంబరు చివర్లో హాఫ్ మారథాన్, ఇరవై ఒక్క కిలోమీటర్లు. సారపాక వంతెన దగ్గర ముగింపు. వయసుతో పని లేదు.

“నా పేరు గూడ రాయి సారూ. గంత దూరం ఉరికినంక గూడ ముసలిదంటడా?” అంది ముత్తక్క.

ఎవరైనా పరుగెత్తుతానంటే చాలు, మోతీలాల్‌కు పండగే. అప్పటికప్పుడు పన్నెండు వారాల ప్లాను గీయడానికి కూర్చున్నాడు.

“సంతకు ఎన్ని కిలోమీటర్లు అక్కా?”

“కిలోమీటర్లు నాకేం ఎరుక? రెండు రెమ్మలు.”

ముత్తక్క గూడెంలో దూరాన్ని అట్లాగే కొలుస్తారు. తంగేడు రెమ్మ తుంచి చేతబట్టుకుని నడుస్తారు. అది వాడిపోతే ఒక రెమ్మ దూరం అయినట్టు. మాస్టారు రెమ్మకు మూడు కిలోమీటర్లు కట్టి, మొదటి వారం రోజుకొక రెమ్మ, ఆఖరుకు ఏడు రెమ్మలు అని రాసి వంటగదిలో అతికించాడు. అది నడిచేవాళ్ల లెక్కన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

మొదటి రోజు ముత్తక్క చీర గోచి బిగించి, రెమ్మ తుంచి ఉరికింది. కల్వర్టు దాటాక ఊపిరి అందలేదు. కూర్చుందామంటే రెమ్మ ఇంకా పచ్చగానే ఉంది. మాస్టారు రెమ్మ అని రాశాక రెమ్మే కదా. లేచి మళ్లీ ఉరికింది. పది రోజులకు ఒక్క రెమ్మతో సంత చేరింది. నెలకు సంత దాటి, లారీలు ఆగే టీకొట్టు చేరింది.

“ఇయ్యాల యాడిదాక బోయింది?” అని మొగుడు దూలయ్య అడిగేవాడు. అడిగేది రెమ్మ గురించే, పెళ్లాం గురించి కాదు.

“టీకొట్టు కాడ తల వాల్చింది.”

“మంచి రెమ్మే,” అని అంబలి ముంత ముందుకు జరిపేవాడు.

ఎవరూ అంతకుమించి అనలేదు. మోతీలాల్ మాత్రం వారం వారం ప్లాను కొట్టేసి కొత్తది రాసేవాడు. సంతోషం పట్టలేక ఆయన అక్షరాలు గీత మీద నిలిచేవి కావు.

పందెం నాడు ఆయన ఏడు రెమ్మలు తుంచి పట్టుకొచ్చాడు.

“ఒకటి సాలు సారూ,” అంది ముత్తక్క.

చుట్టూ నిక్కర్లేసుకున్న కుర్రాళ్లు, మధ్యలో గోచికట్టు చీర. పదహారో కిలోమీటరు దగ్గర మోకాళ్లు మొరాయించాయి. రెమ్మ వంక చూసింది. ఒక్క ఆకూ వాలలేదు. “దానికున్న పౌరుషం మీకు లేదా?” అని కాళ్లను తిట్టుకుంటూ ఉరికింది. తిట్టినకొద్దీ హుషారు పుట్టింది.

వంతెన ముందు సున్నం గీత. గీత పక్కనే వెంకటరామారావు ఆర్డరు పట్టుకుని నిలబడ్డాడు. ఎట్లాగూ దారిలోనే పడిపోతుంది, జీపులో తెచ్చాక చేతిలో పెట్టేస్తే ఒక పని అయిపోతుందని ఆయన లెక్క. ముత్తక్క గీత దాటింది. దాటి ఆగలేదు.

“అక్కా, ఆగు. అయిపోయింది,” అంటూ మోతీలాల్ వెంటపడ్డాడు.

“ఆకు వాడలే సారూ,” అని ఆమె వంతెన ఎక్కేసింది. కింద గోదావరి, ఎదురుగా భద్రాచలం. ముత్తక్కకు పట్టరాని నవ్వు వచ్చింది.

వెంకటరామారావు తన చేతిలోకి చూసుకున్నాడు. ఆర్డరు నాలుగు మూలలా ముడుచుకుని, వాడిపోయి వేలాడుతోంది. పసుపెక్కిన సంతకం చూస్తుండగానే రాలిపోయింది. ఆయన చేతులు దులుపుకున్నాడు.

“మాస్టారూ,” అన్నాడు, “ఆవిడ తిరిగొచ్చాక, సోమవారం ఉప్మాలోకి ఎన్ని ఉల్లిపాయలు కావాలో అడిగి చెప్పండి.”