వింటున్నవారు 3,112

...పైగా ఆ గొంతు తనదేమీ కాదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఎవరో కానిస్టేబుల్‌ది. ఇరవై ఏళ్లలో ఎంతమంది మారారో. అయినా పోలీసు వైర్‌లెస్ పట్టే స్కానర్ నాబ్ తిప్పగానే గరగర మధ్య నుంచి మాట తేలినప్పుడు, ఊరు తన ఒక్కడితోనే ఏదో చెప్పుకుంటున్నట్టు సన్యాసిరాజుకి అనిపించేది. ఆ పోలీసు మాటలే ఇప్పుడు ఫోన్ యాప్‌లో వస్తున్నాయి. కింద ఒక అంకె కూడా ఉంటుంది: ఇప్పుడు వింటున్నవారు 3,112. ఆ అంకె చూస్తే, తన ఇంట్లో మనిషి గురించి బస్టాండులో పదిమంది చెప్పుకుంటుంటే విన్నట్టుంటుంది.

స్టీల్‌ప్లాంటులో వాకీటాకీలు బాగుచేసి రిటైరయ్యాడు. దువ్వాడలో అతని మేడ మీద అంత పొడుగు యాంటెన్నా ఎందుకో వీధికంతా తెలుసు. "బాబూ, ఎన్ఏడీ జంక్షన్ వేపు బస్సులెళ్తన్నాయేటి?" అని ఎదురింటి పోతమ్మ గేటు దగ్గర నిలబడి అడిగేది. ఈమధ్య అడగడం లేదు. మనవరాలి ఫోన్‌లో వింటోంది.

పోతమ్మ సంగతి పోనీ. మరి భార్య గౌరీశ్వరి?

ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు అతని భార్య సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్తుంది. కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అతను నడవడు. సెట్ ముందు కూర్చుని, ఎక్కడ జనం ఒత్తిడిగా ఉందో, ఎక్కడ కాసేపు ఆగాలో ఆమెకి ఫోన్‌లో చెబుతాడు. "మీ చెవులు, నా కాళ్లు. ఇద్దరం కలిసి తిరిగినట్టే" అని ఒక ఏడు ఆమె అంది. ఆ మాట ఆమెకి గుర్తుందో లేదో గాని, అతను దాన్ని చాలాకాలంగా దాచుకున్నాడు.

ఈ ఏడు ఆమెతో ఆమె తమ్ముడు సాయిశంకర్ వెళ్లాడు. రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం.

"ఇంకా ఆ డబ్బా ఏటి బావా," అన్నాడు పొద్దున్నే బయల్దేరుతూ. "ఇయర్‌ఫోన్ నా సెవిలో ఒకటి, అక్క సెవిలో ఒకటి. నడుస్తానే ఇంటాం. నువ్వు సుబ్బరంగా పడుకో."

"నీ ఫోను తీసుకోలేదేం?" అని సన్యాసిరాజు భార్యని అడిగాడు.

"రెండెందుకండీ బరువు. ఆడి దగ్గరుంది కదా."

ఆ ఫోను ఇప్పుడు బల్ల మీద, స్కానర్ పక్కనే ఉంది. తన ఫోను పొద్దుటి నుంచి ఒక్కసారీ మోగలేదు.

అతను కూడా ఆ యాప్ ముందే వేసుకున్నాడు. దొంగచాటుగా. భార్య గదిలోకి వస్తే తీసేసి, వెళ్లాక మళ్లీ వేసుకునేవాడు. పది రోజులు ఒక చెవితో స్కానర్‌ని, ఇంకో చెవితో దాన్ని విన్నాడు. తన స్కానర్‌కంటే దానిలో ఎక్కువ ఏముందో చూడాలని కాదు, ఏం లేదో చూడాలని. దొరికింది. యాప్‌కి మాటలు అందిస్తున్నది బీచ్ వైపు ఎవరింట్లోనో ఉన్న ఒకే ఒక సెట్. కంట్రోల్ రూమ్ మాట్లాడితే వస్తుంది. కొండకి ఇవతల, గోపాలపట్నం వైపు పోలీసులు చేతిసెట్లతో తమలో తాము మాట్లాడుకుంటే మాత్రం కొండ అడ్డం. ఒక్క ముక్క వినపడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే బాగుచేసుకుంటారు.

మధ్యాహ్నం రెండున్నరకి స్కానర్ గరగరలాడింది.

"గోపాలపట్నం దాటేక మలుపు కాడ బారికేడ్ల మధ్య జనం ఇరుక్కుపోయేరు సార్. ఇద్దరాడోళ్లు పడిపోయేరు. ఎన్ఏడీ కాడ ఆపెయ్యండి."

"ఎలాగాపేది? ఎనకనించి తోసుకొత్తన్నారు."

సన్యాసిరాజు యాప్ తెరిచాడు. బీచ్ వైపు అప్పూఘర్ దగ్గరికి ఎవరో నీళ్ల ట్యాంకర్ అడుగుతున్నారు. తర్వాత నిశ్శబ్దం. మూడు వేల మందికీ తెలియదు. తనకి తెలుసు. ఒక్క క్షణం నోరంతా తీయగా అయింది.

పొద్దున ఐదున్నరకి నడక మొదలుపెట్టారు. గౌరీశ్వరి కుడిమోకాలితో ఎంత మెల్లిగా నడిచినా ఈపాటికి ఎన్ఏడీకి వచ్చేసి ఉండాలి. ఇంకో అరగంటలో ఆ మలుపు. ముందు జనం ఆగిపోవడం చూస్తుంది. చెవిలోంచి ఆ ముక్క తీసేస్తుంది. "మీ బావకి ఫోన్ చెయ్యి" అంటుంది. అలా అంటుందని కాచుకున్నాడు.

రెండు నిమిషాలు. మూడు. పాడైన సెట్‌ని విప్పి చూసే అలవాటున్నవాడు, తన కాచుకోవడాన్నీ అలాగే విప్పి చూసుకున్నాడు. ఆమె పడిపోవాలని లేదు. భయపడాలని ఉంది, కొంచెం. కొంచెం అంటే ఎంత? కుంటుకుంటూ ఇంటికొచ్చి, మీరు చెప్పి ఉంటే బాగుండేదండీ అనేంత. ఆ బొమ్మ మనసులో ఎప్పటినుంచో తయారుగానే ఉంది. అందులో సాయిశంకర్ తలొంచుకుని ఉన్నాడు, ఫోన్ ఆరిపోయి ఉంది. గౌరీశ్వరి ముఖం మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

"ఇంకొకామె సార్. అంబులెన్స్ లోపలికి రానేకపోతంది."

ఫోన్ చేస్తే సాయిశంకర్‌కే చెయ్యాలి. యాప్‌లో లేదే అంటాడు. ఎందుకు లేదో చెప్పాల్సి వస్తుంది. రేపటికల్లా ఇటువైపు కూడా ఎవరి మేడ మీదో ఒక సెట్ పెట్టిస్తాడు, చురుకైనవాడు. తర్వాత తన దగ్గర ఏం మిగులుతుంది?

నంబరు నొక్కాడు.

"ఏటి బావా, నిద్దర పట్నేదా?"

"ఎక్కడున్నారు?"

"ఎన్ఏడీ దాటుతున్నాం. అక్క మజ్జిగ తాగుతోంది."

"అక్కడే ఆగిపోండి. గోపాలపట్నం మలుపులో తొక్కిసలాట. ఆడవాళ్లు పడిపోయారు."

"యాప్‌లో ఏటీ నేదే బావా. నాను ఇంటానే ఉన్నాను."

సన్యాసిరాజు స్కానర్ గొంతు ఆఖరిదాకా పెంచి, ఫోన్‌ని దాని స్పీకరుకి ఆనించి పట్టుకున్నాడు.