మనింటి మాటలో వార్తలు

"నువ్వెట్లాగూ ఇంట్లోనే ఉంటావు గదా, అప్పకి నాలుగు వార్తలు చదివి చెప్పు. అదేమన్నా పనా?" అన్నాడు నాగరాజ్, కంప్యూటర్ వైరు గోడ ప్లగ్గులో గుచ్చుతూ.

అతని భార్య ప్రమోద అప్పుడు చేతికంటిన రాగిపిండి కడుక్కుంటోంది. అది పనా కాదా అని ఆమె ఆలోచించుకునేలోపే ఆ పని ఆమెదైపోయింది.

నాగరాజ్ చిక్కబళ్లాపురంలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున్నే కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో బస్సెక్కితే పొద్దుగూకాక దిగుతాడు. తనకి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాత కంప్యూటర్‌ని హాల్లో తండ్రి మంచం పక్కన పెట్టించాడు. అతని అప్ప, అంటే తండ్రి చెన్నరాయప్ప, ఒకప్పుడు డెయిరీ ప్రెసిడెంటు. షుగర్ వల్ల ఆయన చూపు మందగించి పేపరు అక్షరాలు అందడం మానేశాయి. టీవీలో అరుపులు ఆయనకు పడవు. ఫోను పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అందుకని నాగరాజ్ కంప్యూటర్లో ఒక యాప్ వేశాడు. తెర అడుగున నల్లటి పట్టీ, దానిమీద కన్నడ అక్షరాల్లో హెడ్‌లైన్లు. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు, బెంగళూరు, ఢిల్లీ, ఒకదాని వెనకాల ఒకటి కుడి నుంచి ఎడమకు పరిగెత్తుతాయి.

ఆ అక్షరాలు పేపరు అక్షరాలకన్నా చిన్నవి, పైగా ఒక్కచోట నిలబడవు. చూపు సరిగ్గా లేని మనిషికి అవి తెచ్చిపెట్టి, "వార్తలు వాటంతటవే వస్తాయప్పా" అని నాగరాజ్ సంతోషంగా చెప్పాడు. వార్తలు వాటంతటవే వచ్చేవి. వాటికోసం పరిగెత్తేది ప్రమోద.

"అమ్మా ప్రమోదా, ఏం రాసిండారు?"

"చింతామణి టమేటా మార్కెట్..." అని మొదలుపెట్టేలోపు పొయ్యిమీద పాలు పొంగేవి. దించి వచ్చేసరికి టమేటా వెళ్ళిపోయి ఢిల్లీ వచ్చేది. టమేటా ధర పెరిగిందో పడిందో ఆయనకూ తెలిసేది కాదు, ఆమెకూ తెలిసేది కాదు. పైగా ఆయనకు కన్నడంలో చదివితే రుచించేది కాదు. "కన్నడంలో ఇంటే ఆఫీసు నోటీసు మాదిరి ఉండాదమ్మా. మనింటి మాటలో చెప్పు" అనేవాడు. చదవడం, దాన్ని తెలుగులోకి మార్చడం, మధ్యలో చట్నీకి పోపు పెట్టడం, మళ్ళీ వచ్చి దారి తప్పిన వాక్యాన్ని వెతుక్కోవడం. రాత్రి నాగరాజ్ వచ్చి, "అప్పకి మంచి టైంపాస్ అయితా ఉండాది గదా" అనేవాడు. ఎవరి టైము ఎటు పోతోందో ఆమె చెప్పబోయేది. అప్పటికే అతను స్నానానికి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకు ఆమె తలలో ఏదో కలగాపులగం మొదలైంది. ఎక్కడో వరద, ఎవరో నటి పెళ్ళి, బంగారం రేటు, హాస్టల్లో ఉరి వేసుకున్న అమ్మాయి, క్రికెట్, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వేగంతో పోతున్నాయి. ఆ అమ్మాయి కోసం గుండె తరుక్కుపోయే లోపలే సెంచరీ కొట్టినవాడి పేరు వచ్చేది. ఆ పేరుని ఆమె ఏడుపు గొంతుతో చదివితే, "క్రికెట్టు గెలిస్తే ఏడుస్తావేమ్మా?" అని మామగారు నవ్వాడు. తన కూతురు రక్షిత కూడా చిక్కబళ్లాపురంలో హాస్టల్లోనే ఉంది. ఆమె పిల్లకి ఫోన్ చేసి ఏమీ అడగలేక, "తిన్న్యావా?" అని మాత్రం అడిగి పెట్టేసింది. దేనికి ఎంత బాధపడాలో, దేన్ని ఎంతసేపట్లో మరిచిపోవాలో తెలియడం లేదు. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియడం లేదు.

ఒకరోజు హైవేమీద బస్సు బోల్తా పడిందని సగం చదివింది. అంతలో కుక్కర్ పిలిచింది. తిరిగొచ్చేసరికి మిగతా సగం లేదు.

"ఎవురికేమైంది? చెప్పమ్మా!" చెన్నరాయప్ప మంచంమీద లేచి కూర్చున్నాడు. కొడుకు వెళ్ళేది ఆ దారినే.

"ఎవురికీ ఏం కాలేదంట మామా. అందరూ బాగుండారంట" అంది ప్రమోద.

ఆయన హాయిగా పడుకున్నాడు. ఆమె మాత్రం నాగరాజ్‌కి ఫోన్ చేసి, అతను "మీటింగ్‌లో ఉండాను, ఏం?" అని విసుక్కున్నాక కూడా పొద్దంతా ఆ పట్టీ వంక చూస్తూనే ఉంది. ఆ వార్త మళ్ళీ రాలేదు. తను చెప్పింది అబద్ధమో, నిజమై ఉంటుందో, అబద్ధమైతే ఎవరికి ద్రోహం చేసినట్టో ఆమెకు తేలలేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఈ ఇంట్లో తను ఏ మాట చెప్పినా "ఊరుకో" అనే మనుషులు, ఆ పట్టీ పక్కన కూర్చుని చెబితే నోరు మూసుకుని వింటారు.

ఆ వారంలోనే మిట్టేమరి సర్కారు హైస్కూలు హెడ్మాస్టర్ గంగాధరప్ప ఫోన్ చేశాడు. రక్షిత పుట్టకముందు ప్రమోద ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. అప్పుడు ఆయన అక్కడ సీనియర్ మాస్టరు. "లెక్కలకి మనిషి లేక పిల్లోళ్ళు అల్లాడిపోతాండారమ్మా. అతిథి శిక్షకిగా వస్తావా? వచ్చే సోమవారం చేరిపో" అన్నాడు.

ఆమెకు వెంటనే సంతోషం కలగలేదు. ముందు అనుమానం కలిగింది, ఆయన పిలుస్తున్నది తననేనా అని. బీజగణితం గుర్తుందా అని పప్పు కడుగుతూ మనసులో ఒక సమీకరణం వేసుకుంది. జవాబు వచ్చింది. అప్పుడు వచ్చింది సంతోషం.

నాగరాజ్ అన్నం తింటూ విన్నాడు. "గెస్టు టీచరా? నాలుగు నెలలు పెట్టుకుని తీసేస్తారు. దానికి ఉద్యోగమని పేరా? అయినా అప్పకి వార్తలెవరు చదువుతారు? అమ్మకి చదువు రాదు గదా."

వార్తలు చదవడం పనే కాదన్నవాడు, ఇప్పుడు ఆ పని వదలడానికి వీల్లేదంటున్నాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి వచ్చాయా అని ఆమె అతని మొహం వంక చూసింది. అతను పితికిపప్పు పులుసు నోట పెట్టుకుని, "ఉప్పేసినావా అసలు?" అని అన్నం తట్ట ముందుకు తోసి లేచిపోయాడు. ఆ అనపకాయలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజా పితకడానికి ఆమెకూ అత్త తిమ్మక్కకూ మధ్యాహ్నమంతా పట్టింది. చెన్నరాయప్ప పక్కనే కూర్చుని, కొడుకు తోసిన తట్టకేసి చూసీ చూడనట్టు తన అన్నం తాను తిన్నాడు.

మర్నాడు పొద్దున నెట్ పోయింది. పట్టీ నల్లగా, ఖాళీగా ఉంది.

"అమ్మా, వార్తలు!"

నెట్ లేదు మామా అని చెబుదామనే ప్రమోద కుర్చీలో కూర్చుంది. కానీ నోరు వేరే దారి పట్టింది. "బాగేపల్లిలో ఒకాయన, ఆలు పొద్దంతా కూర్చోని పితికిపప్పు చేస్తే, ఉప్పు తక్కువని తట్ట తోసేసి లేసిపోయినాడంట."

ఇప్పుడు పట్టుబడతాననుకుంది.

"ఎవుడు వాడు?" చెన్నరాయప్ప గొంతు గట్టిగా లేచింది. "అన్నాన్ని తోసేదేం బుద్ధి? ఇంట్లో పెద్దోళ్ళు ల్యారా చెప్పేదానికి? ఇట్లాంటివి రాయాల్సిందే. సిగ్గొస్తాది."

ఆమె నిజంగానే తెరకేసి చూసింది, అక్కడేమైనా రాసి ఉందా అని. ఏమీ లేదు. నిన్న రాత్రి పక్కనే కూర్చున్న మనిషికి ఇది తన ఇంటి సంగతేనని తట్టలేదు. వంటింట్లోంచి తిమ్మక్క, "పేపరోళ్ళు పితికిపప్పు గురించి గూడా రాస్తారా?" అంది. అడిగిందా, నవ్విందా, హెచ్చరించిందా? లోపలికి వెళ్ళి చూస్తే ఆవిడ తలొంచుకుని రాగిముద్దకు ఎసరు పెడుతోంది.

మధ్యాహ్నానికి నెట్ వచ్చింది. కానీ ప్రమోద నోరు ఆగలేదు. గౌరిబిదనూరు రైలుకూ బెంగళూరు వానకూ మధ్య ఒకటి కలిపింది. "లెక్కలు చెప్పే ఆయమ్మను స్కూలోళ్ళు పిలిచి పనిస్తామంటే, మొగుడు వద్దన్నాడంట మామా. ఈ తాలూకాలోనే."

"పిలిచి ఇస్తామంటే వద్దనేదా! తలకాయ చెడిందేమో ఆ నాయాలికి. నేను డెయిరీలో ఉన్నప్పుడైతే పిలిపించి మొకాన అడిగేటోన్ని. చదువుకున్న మనిషిని ఇంట్లో కట్టేస్తే ఎట్ల? పోనీల్యా ఆయమ్మను?"

"ఇంకా తెలీదు మామా."

"మళ్ళా వస్తే చెప్పు. మరిచిపోవద్దు."

ఆ మాటలు పట్టుకుని ప్రమోద రెండు రోజులు ఇల్లంతా తిరిగింది. ఇంత న్యాయం తెలిసిన మనిషి ఇన్నేళ్ళూ తన పక్కనే మంచంమీద ఉన్నాడా? తనే ఆయన్ని అడగలేదా? శనివారం సాయంత్రం కాఫీ ఇస్తూ, నాగరాజ్ ఇంట్లో ఉండగానే, ధైర్యం చేసింది. "మామా, నన్ను మిట్టేమరి స్కూలుకు రమ్మంటాండారు. పోతాను."

చెన్నరాయప్ప కాఫీ ఊదుకున్నాడు. కొడుకు వైపు చూశాడు. "యాలమ్మా ఇప్పుడు? ఈ ఇంట్లో నీకేం తక్కువైంది? నాగరాజు చెప్పేది నిజమే గదా. మనింట్లో అట్లాంటివి సరిపోవు" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

ఆయనకు కోపం లేదు. గుర్తూ లేదు. అదే ఆమెకు అంతు పట్టలేదు. అదే మనిషి, అదే సంగతి, అదే తాలూకా. పట్టీమీద పోయే ఆడమనిషికి మొగుడు తప్పు చేస్తే ఈయనకు కనిపించింది, ఎందుకంటే ఆ మొగుడు ఈయన కొడుకు కాదు. ఆవిడ ఎవరికీ వండి పెట్టదు, ఎవరి కాఫీ గ్లాసూ ఎత్తదు, అందుకే ఆవిడకు న్యాయం అంత సులువుగా దొరికింది. మరి తను ఎవరు? ఆ వార్తలో ఉన్నదా, ఈ గ్లాసు పట్టుకున్నదా? రెండూ తనే అయితే, ఒకరి తీర్పు ఇంకొకరికి ఎందుకు అందలేదు? ఆలోచించేకొద్దీ ఆలోచన కూడా ఆ హెడ్‌లైన్లలాగే కొస దొరక్కుండా జారిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏం చేద్దామని కూర్చుందో ఆమెకే తెలియదు. చేతిలో ఉన్న మౌస్‌ని ఆ పట్టీమీద పెట్టి కుడివైపు నొక్కింది. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో అక్షరాల సైజు అని ఒక గీత, వేగం అని ఒక గీత. సైజును కొసదాకా లాగింది. పట్టీ సగం తెరంత అయింది, ఒక్కో అక్షరం అరచేయంత. వేగాన్ని వెనక్కి లాగింది. హెడ్‌లైను నడవడానికి కూడా బద్ధకించినట్టు కదిలింది. మంచం ఉన్న దూరానికి వెళ్ళి, కళ్ళు సగం మూసుకుని చూసింది. మసకలో కూడా చదవొచ్చు.

ఇంతేనా? ఇన్ని నెలలు మాడిన పోపులూ, పొంగిన పాలూ, సగంలో తెగిన వాక్యాలూ, అన్నీ ఈ రెండు గీతలు జరపకపోవడం వల్లనా? యాప్ వేసినవాడికి ఈ పెట్టె తెలియదనుకోవడానికి లేదు. అతని ల్యాప్‌టాప్‌లో అక్షరాలు అతనికి తగ్గ సైజులోనే ఉంటాయి. ఇక్కడ అవసరం పడలేదు, అంతే. ఆమె ఉంది కాబట్టి.

సాయంత్రం ల్యాప్‌టాప్‌లో తల దూర్చిన నాగరాజ్‌తో, "రేపట్నుంచి నేను మిట్టేమరికి పోతాండాను" అంది. "ఊఁ" అన్నాడతను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఆ ఊఁ తనకో, అవతల మాట్లాడుతున్నవాడికో ఆమెకు తెలియలేదు. మళ్ళీ అడగలేదు. ఇన్నేళ్ళూ అతని మౌనాన్ని ‘కాదు’ అనే అర్థం చేసుకుంది. ఈ ఒక్కసారికి ఊఁ అంటే ఊఁ అనే అర్థం చేసుకుంది.

సోమవారం నాగరాజ్ బస్సుకు వెళ్ళాక ముద్ద, పులుసు మూతపెట్టి, చీర మార్చుకుంది. తిమ్మక్క ఆమె చేతిలోని బ్యాగునీ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, వార్తలు!" అని పిలుపు వచ్చింది.

ప్రమోద ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తెరకు దగ్గరగా జరిపింది. "ఈ పొద్దు మీరే చదవండి మామా."

"నాకేం కనపడతాదమ్మా..." అంటూనే ఆయన ముందుకు వంగాడు. కళ్ళు చికిలించాడు. "బా... గే... పల్లి. సంత... లో..." ఆగి, ఆమె వంక ఒకసారి చూసి, మళ్ళీ తెర వంక తిరిగాడు. "చెరుకు... బండి." ముసలి మొహంలో ఏదో వెలిగింది. ఆ వెలుగు చూసి ప్రమోదకు ఒక్క క్షణం జాలేసింది, తను ఆయనకేదో ఇస్తోందో, ఆయన దగ్గర్నుంచి ఏదో తీసేసుకుంటోందో తెలియక. గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

ఆయన వరుసగా మూడు నాలుగు చదివాడు. కూడబలుక్కుంటూ, కన్నడాన్ని ఇంటి మాటలోకి తిప్పుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"అమ్మా, ఆ లెక్కల టీచరమ్మ సంగతి రాల్యా ఈడ. చేరిందా, చేరనీల్యా?"

"ఈ పొద్దు చేరతాది మామా."

"యాడ రాసిండారు? నాకు కనపడల్యా."

"దాంట్లో యాడా రాయలేదు" అంది ప్రమోద, గడప దాటి నిలబడి. "ఆ టీచరమ్మను నేనే. బస్సుకు టైమైంది, పోయొస్తా."