పొట్టి దాచిన చెప్పులు

కుక్కపిల్లను పెంచుకుంటామని వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది కుక్కను చూడటానికి రారు. తమని తాము చూపించుకోడానికి వస్తారు. పదిరోజుల్లో నేను నేర్చుకున్న చదువు ఇది.

నా పేరు చిన్నతాయి. కోవిల్‌పట్టిలో జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. విరుదునగరంలో వీధికుక్కల్ని కాపాడే గుంపొకటుంది. దాన్ని నడిపే ఆర్తి నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. "పది దినాలు మాత్రం పెట్టుకోండి అత్తా, అంతలోపల నేను ఇల్లు చూసేస్తాను" అని, బస్టాండు వెనక దొరికిన ఆడ కుక్కపిల్లను నా ఒళ్ళో పడేసి పోయింది. లూనా అని పేరు కూడా తనే పెట్టింది. ఆ పేరుకి అది చెవి కూడా కదపలేదు. నేను పొట్టీ అంటే పరుగెత్తుకొచ్చింది.

ఇంటి ఓనరు దామోదరసామి రెండో రోజే వాకిట్లో నిలబడ్డాడు. "వచ్చేవారం ఆదివారం సాయంత్రానికి ఇది పోవాల. లేదంటే గోతాంలో వేసి బైపాస్ అవతల వదిలేస్తా" అన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. మంచి మాట మీద నిలబడగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

పొట్టికి రెండు అలవాట్లు. ఎవరొచ్చినా వాకిట్లో విడిచిన చెప్పుల్లో ఒకటి మాయం చేస్తుంది. రెండోది డాన్సు. ముందరి కుడికాలు పైకెత్తి, మూడు కాళ్ళ మీద గెంతుతూ గుండ్రంగా తిరుగుతుంది. ఆర్తి దాన్ని వీడియో తీసి, "ఆడుకునే పిల్ల, ఇల్లు కావాలి" అని వాట్సాప్ గుంపులో పెట్టింది. ఊరంతా చూసి మురిసిపోయింది. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను.

మొదట వచ్చింది మురుగేశన్. విరుదునగరంలో పప్పు మిల్లు, తిరగడానికి కారు, వేళ్ళకి ఉంగరాలు. వచ్చీ రాగానే పొట్టిని చెవి పట్టుకుని పైకెత్తాడు. అరవకపోతే రోషమున్న కుక్క అట. అది కుయ్యోమంది. తర్వాత నాలుగు కాళ్ళూ పట్టుకుని గోళ్ళు లెక్కపెట్టాడు. పద్దెనిమిదే ఉన్నాయి, ఇరవై ఉంటేనే ఇంటికి కలిసొస్తుందని వాళ్ళ తాత చెప్పాడట.

"మీకు కాళ్ళకీ చేతులకీ కలిపి ఇరవై ఉన్నాయి కదా, ఇంటికి ఏం కలిసొచ్చింది?" అని అడిగాను. ముఖం మాడ్చుకుని లేచాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి మట్టితో కారెక్కాడు.

తర్వాత సరణ్య అని ఒక కాలేజీ టీచరు. పొట్టితో అరగంట ఫోటోలు దిగింది. వెంట్రుకలు రాలుతాయా, పెద్దయ్యాక రంగు తగ్గుతుందా, మగపిల్ల లేదా అని అడిగింది. ఇల్లు చేరాక, అమ్మ వద్దంటోందని మెసేజ్ పెట్టింది. ఫోటోలకు అమ్మ వద్దనలేదు కాబోలు. ఆవిడ ఎత్తుమడమల చెప్పు కూడా నా ఇంట్లోనే ఎక్కడో ఉండిపోయింది.

అలా ఆదివారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం గడపలో ఒక మనిషి నిలబడి, కుక్కపిల్ల ఉందా అని తమిళంలో అడిగింది. నేను లోపల పొట్టిని తిట్టుకుంటున్న మాట విని, వెంటనే మన తెలుగు మాటలోకి దిగింది. పేరు పాండిసెల్వి. తిరుత్తంగల్ నుంచి బస్సులో వచ్చిందట, అక్కడ పటాసు ఆఫీసులో పని. పటాసులు, అదే టపాకాయలు, చేసే షెడ్లని మావైపు ఆఫీసనే అంటారు. గోళ్ళ సందుల్లో వెండిరంగు పొడి. కాళ్ళకి చెప్పుల్లేవు. బస్సు దిగి ఎండలో ఉత్తకాళ్ళతో నడిచొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏమ్మా, నీ కాలికే చెప్పు లేదు, కుక్కకి ఏం పెడతావు?" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. "చెప్పు ఉండాదక్కా, ఇంట్లో. ఆఫీసులో వేసుకోకూడదు. రాసుకుని నిప్పు పుడ్తాదని గేటుకాడే విడిపిస్తారు. ఇరవై ఏండ్లు అట్లే నడిచి నడిచి, బయటికి పోయేటప్పుడు కూడా మరిచిపోతా ఉండాను."

"సరి. ఆ పటాసు చప్పుడుకి ఈ పిల్ల గుండె పగిలి చస్తాదే?"

"చేసేచోట చప్పుడుండదక్కా. చప్పుడయిందంటే, కుక్కకంటే ముందు మేము చస్తాము."

నేను గడపలోంచి పక్కకి జరిగి ఆమెకి దారిచ్చాను.

పొట్టి వాకిట్లోకి వచ్చి చెప్పుల కోసం వెతికింది. మెట్టు వాసన చూసింది, తలుపు చాటున చూసింది. ఏమీ దొరక్క, ముందరి కాలెత్తి డాన్సు మొదలుపెట్టింది. నేను గర్వంగా, "చూడు, ఎట్లా ఆడతాదో! దీనికోసరమే ఊరంతా వీడియో చూస్తా ఉండారు" అన్నాను.

పాండిసెల్వి నవ్వలేదు. పొట్టిని ఒళ్ళోకి లాక్కుని, ఆ కాలు పట్టుకుని వేళ్ళు విడదీసింది. మళ్ళీ నా ఒళ్ళు మండింది. "నువ్వూ గోళ్ళు లెక్కపెట్టేదానివేనా?"

"గోళ్ళు కాదక్కా, ముల్లు."

జాకెట్‌కున్న పిన్నీసు తీసి, రెండు వేళ్ళ మధ్య గుచ్చి మెల్లగా పైకి లేపింది. అరంగుళం సీమతుమ్మ ముల్లు బయటికొచ్చింది, వెనకే కొంచెం చీము. పొట్టి ఒక్క కేక పెట్టి, ఆమె చేతిని నాకింది.

"ఇది ఆట కాదక్కా. నొప్పి. ఉత్తకాళ్ళతో తిరిగేదాన్ని కదా, నాకి తెలుస్తాది" అంది.

పొట్టి కాలు నేల మీద పెట్టింది. ఒకసారి ఎత్తింది, మళ్ళీ పెట్టింది. నాలుగు కాళ్ళ మీద వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఇక డాన్సు లేదు.

నాకు సిగ్గేసింది. పొద్దస్తమానం సూది పట్టుకుని కూర్చునేదాన్ని. వంకరపోయిన కుట్టు గది అవతల నుంచి కనిపెడతాను. గోళ్ళు లెక్కపెట్టాడని మురుగేశన్‌ను అన్ని మాటలన్నాను. పద్దెనిమిది గోళ్ళు పట్టి చూసి కూడా ఆ మూర్ఖుడికి ముల్లు కనబడలేదు. నేను ఆ పాటి కాలు కూడా పట్టుకుని చూడలేదు. నాకంటే వాడే నయం.

"తీసుకుపో" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

నాలుగున్నరకు బస్సు. వాళ్ళని ఎక్కిద్దామని బయలుదేరితే నా చెప్పుల్లో ఒకటి లేదు. అంతవరకు పొట్టి నా చెప్పుల జోలికి రాలేదు. తిండి పెట్టే మనిషని గౌరవం కాబోలని అనుకునేదాన్ని. వెతకడానికి టైము లేదు. ఉత్తకాళ్ళతోనే నడిచాను. తారు రోడ్డు నిప్పుల్లా కాలింది, వేడికి ఎగిరెగిరి అడుగులేశాను. పాండిసెల్వి నా కాళ్ళ వంక చూసింది. నన్ను నీడ ఉన్న వైపుకి జరిపింది. ఒక మాట అని ఉంటే తేలిగ్గా ఉండేది. బస్సెక్కాక పొట్టి ఆమె వైరు బుట్టలోంచి తల బయట పెట్టి బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

సాయంత్రం దామోదరసామి నిజంగానే గోతాం పట్టుకుని వచ్చాడు. పోయిందని చెప్పాను. "మంచిది" అని, గోతాం నీటుగా మడిచి చంకలో పెట్టుకుని పోయాడు. దాన్ని మోసుకొచ్చిన శ్రమైనా వృథా అయినందుకు నాకు తృప్తిగా ఉంది.

ఆ డాన్సు వీడియో తీసెయ్యమని ఆర్తికి ఫోన్ చేశాను. "ఎందుకత్తా, అందరికీ నచ్చింది కదా?" అంది. ముల్లు సంగతి చెప్పాను. ఫోన్ పెట్టకముందే వీడియో తీసేసింది. నాకు వచ్చిన సిగ్గులో కొంత దానికీ వచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున మిషను వెనక గుడ్డపీలికల కుప్ప తీసి ఊడుస్తుంటే చెప్పులు బయటపడ్డాయి. మురుగేశన్ తోలు చెప్పు అంచంతా కొరికేసి ఉంది. సరణ్య చెప్పుకి మడమే లేదు. అన్నిటికంటే అడుగున, పీలికల మధ్య నా చెప్పు ఉంది. తిప్పి తిప్పి చూశాను. దానికి ఒక్క పంటి గాటు కూడా లేదు.